మేకపిల్ల క్లాసుకొస్తే: ప్రాణమున్న జంతువులతో పిల్లలకి దయ నేర్పడం, ఏడిపించడం ఆపించడం ఎలా

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, ఇటు బరంపురం పక్క ఊళ్ళల్లో పిల్లలకి చదువు చెప్పేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను, స్కూలు టీచరైనా సరే, సాయంత్రం ట్యూషన్ చెప్పే అక్కైనా సరే, హాస్టల్ చూసుకునే సారైనా సరే. మన క్లాసులు మీకు తెలిసినవే. ఒకే బెంచీ మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, ఒడియా మాట్లాడేది, కొండ మీంచి దిగొచ్చిన సవర పిల్ల ముగ్గురూ కూర్చుంటారు, వాళ్ళలో ఎవరో ఒకరు నోరు తెరిచి రెండో మాట అనేలోపు మిగతావాళ్ళు నవ్వేస్తారు. యాస పట్టుకుని వెక్కిరించడం, ఒంటి రంగు పట్టుకుని కులం పట్టుకుని పేర్లు పెట్టడం, మధ్యాహ్నం భోజనం లైన్లో వెనక్కి నెట్టేయడం, ఆటలో చేర్చుకోకపోవడం, ఇవన్నీ కళ్ళ ముందే జరుగుతుంటే "పిల్లలు కదా, సరదాకి" అని మనం వదిలేస్తాం.

సరదా ఎక్కడ ఆగుతుందో తెలుసుకోడానికి మూడు గుర్తులు చాలు. నార్వే సైకాలజిస్ట్ డాన్ ఓల్వేయస్ 1980ల్లో బెర్గెన్ స్కూళ్ళల్లో పని చేసినప్పుడు పెట్టుకున్న గుర్తులే ఇప్పటికీ అందరూ వాడతారు: కావాలని బాధపెట్టడం, మళ్ళీ మళ్ళీ చెయ్యడం, ఎదుటివాడికి తిరగబడే బలం లేకపోవడం. ఈ మూడూ ఉంటే అది బుల్లీయింగే, దానికి ఇంకో పేరు లేదు.

మరి ఇందులో జంతువు పనేంటి అంటే, జంతువుకి మాట రాదు. "నాకిష్టం లేదు" అనేది చెవులతో, తోకతో, మెడ అటు తిప్పి చెప్తుంది. దాన్ని చూసి అర్థం చేసుకోవడం, అర్థమయ్యాక చెయ్యి ఆపుకోవడం పిల్లలకి నేర్పొచ్చు, చాలా బేగి నేర్చుకుంటారు కూడా. క్లాసులో అందరి చేతా మాటలు పడే పిల్ల కూడా నోటితో చెప్పదు కదా, తల దించుకుంటుంది, నవ్వుతున్నట్టు నటిస్తుంది, బెల్ కొట్టగానే అందరికంటే ముందో అందరికంటే వెనకో వెళ్తుంది. ఈ రెండిటినీ పిల్లల బుర్రలో కలపడమే మన పని మొత్తం. అది కలపకపోతే మేక వచ్చింది, ఫోటోలు తీసుకున్నారు, మేక వెళ్ళిపోయింది, అంతే సంగతి. అమెరికాలో ఫ్రాంక్ ఆసియోన్ అనే పరిశోధకుడు 1992లో ప్రచురించిన అధ్యయనంలో జంతువుల పట్ల దయ గురించి స్కూల్లో పద్ధతి ప్రకారం నేర్పిస్తే ఆ మార్పు మనుషుల మీద చూపించే సానుభూతిలో కూడా కనపడింది, కానీ అక్కడ ఒక్క రోజు షో పెట్టి వదిలెయ్యలేదు, ఏడాది పొడవునా నేర్పారు. కాబట్టి ఇది ఒక పూట ప్రోగ్రాం అనుకుని మొదలుపెట్టకండి, కనీసం ఒక టర్మ్ అనుకోండి.

1. ముందు ఏ జంతువో, ఎవరి జంతువో తేల్చుకోండి

ఊళ్ళో ఎవరింట్లోనో అప్పటికే మనుషుల మధ్య పెరుగుతున్న జంతువే కావాలి, దాన్ని పెంచే మనిషి మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండాలి. ఇది మాత్రం బేరం లేని షరతు. జంతువుకి తన మనిషి వాసన దగ్గర్లో ఉంటే సగం భయం పోతుంది, పిల్లలకి కూడా దాన్ని ప్రేమగా చూసే మనిషి ఎదురుగా కనపడితే మన లెక్చర్ కంటే అది ఎక్కువ ఎక్కుతుంది.

నా ఓటు మేకకే. పాలిచ్చే తల్లి మేక, దాంతోపాటు దాని పిల్ల. మన వైపు గంజాం మేక అని ఒక జాతే ఉంది, పొడుగు కాళ్ళ మేకలు, మీ ఊళ్ళోనూ ఎవరో ఒక మామ్మ దగ్గర మనుషులకి అలవాటైనవి ఉంటాయి. తల్లినీ పిల్లనీ విడదీసి పిల్లని మాత్రం ఎత్తుకురాకండి, అది అరుస్తూనే ఉంటుంది, ఆ అరుపుల మధ్య దయ గురించి ఏం చెప్తాం. ఆవుదూడ కూడా మంచిదే కానీ ఒకటో తరగతి పిల్లల పాదం మీద గిట్ట పడితే కష్టం, కాబట్టి పెద్ద క్లాసులకి. కుక్కైతే వయసు మీరిన, నెమ్మదైన, పిల్లలున్న ఇంట్లో పెరిగిన కుక్క, రేబిస్ టీకా కార్డు చేతిలో ఉండాలి. పిల్లిని సంచిలో పెట్టి తెచ్చే పని వద్దు, చోటు మారితే పిల్లి బెదిరిపోతుంది. కుందేలు చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ చాలా నాజూకు, పిల్లలు ఎత్తుకోగానే వెనక కాళ్ళతో గట్టిగా తన్నుకుంటుంది, ఆ తన్నులాటలో దాని వెన్నే విరగొచ్చు. కోళ్ళ గురించి కింద వేరేగా చెప్తాను, వాటిని తీసుకురాకూడదు, మనమే వాటి దగ్గరికి వెళ్ళాలి.

అస్సలు వద్దన్నవి కొన్ని. పంజరంలో చిలక, మైనా, తాబేలు తీసుకురావద్దు, మన చిలకలూ నక్షత్ర తాబేళ్ళూ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, ఇంట్లో పెట్టుకోవడమే నేరం. పాములవాణ్ణి, కోతినాడించేవాణ్ణి పిలవద్దు, కోతుల్నీ ఎలుగుబంట్లనీ ఆడించడం కేంద్రం 1998లోనే ఆపేసింది. జాతర్లలో గులాబీ, పచ్చ రంగులు పూసి అమ్మే కోడిపిల్లల్ని కొని క్లాసులో పంచకండి, ఇది నేను బతిమాలి చెప్తున్న మాట. మొదటి వారంలో కోడిపిల్లకి సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తల్లి రెక్క లేకుండా చేతులు మారుతూ తిరిగితే అది రెండు మూడు రోజుల్లోనే పోతుంది, పిల్లలకి మనం నేర్పింది ప్రాణం అంటే ఆడుకుని పారేసే వస్తువని అవుతుంది. వీధికుక్కని బిస్కెట్ పెట్టి లోపలికి పిలవడం కూడా వద్దు, దాని ఆరోగ్యం మనకి తెలీదు.

2. అనుమతులు, ఆరోగ్యం, సబ్బు

హెడ్‌మాస్టరు, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఇద్దరికీ రాసి ఇవ్వండి. తల్లిదండ్రులకి పంపే కాగితం ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి, చదవడం రానివాళ్ళకి నోటితో చెప్పి వేలిముద్రో సంతకమో తీసుకోండి. అందులో అడగాల్సింది మూడే ప్రశ్నలు: పిల్లకి ఆయాసం గానీ ఎలర్జీ గానీ ఉందా, జంతువంటే భయమా, ఎప్పుడైనా కుక్క కరిచిందా.

దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికో, లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్‌కో వెళ్ళి జంతువుని ముందే చూపించండి, వీలైతే ఆ సిబ్బందినే ఆ రోజు రమ్మనండి, పిల్లలు వాళ్ళని అడిగే ప్రశ్నలు వింటే మీరే ఆశ్చర్యపోతారు. మేకకి నట్టల మందు పడిందా, ఒంటి మీద గజ్జి, తామర ఉన్నాయా, ముక్కు కారుతోందా చూడాలి. కుక్కకి మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తర్వాత బూస్టర్, ఆ పైన ఏటా వెయ్యాలి, టీకా వేసి కనీసం నెల గడిచిందో లేదో చూసుకోండి.

ముట్టుకున్న ప్రతి పిల్లా సబ్బుతో చేతులు కడగాలి, శానిటైజర్ సరిపోదు, పేడ మట్టి అంటిన చేతి మీద అది పని చెయ్యదు. జంతువుకి ముద్దులు పెట్టడాలుండవు. మధ్యాహ్న భోజనం వండే షెడ్డుకి దూరంగా, చెట్టు నీడన పెట్టుకోండి, మా వైపు చలికాలం పొద్దుట ఎనిమిది తొమ్మిది మధ్య మంచి టైం. ఎండాకాలంలో ఈ ప్రోగ్రామే పెట్టుకోకండి.

ఒకవేళ కరిచినా గీరినా ఏం చెయ్యాలో ముందే కాగితం మీద రాసి గోడకి అంటించండి. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, చర్మం పొరలోనే ఇచ్చే పద్ధతిలో రేబిస్ టీకా ఇంజెక్షన్లు 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, ఒక్కటి కూడా మానకూడదు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనేది కూడా కావాలి, అది వేస్తున్నారా అని డాక్టర్ని అడగండి.

3. జంతువు లేని మొదటి క్లాసు

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, సరాసరి మేకని తెచ్చి నిలబెడతారు, నలభై మంది ఒక్కసారి మీద పడతారు. అలా కాదు. జంతువు రావడానికి రెండు మూడు రోజుల ముందు ఒక క్లాసు పూర్తిగా దాని భాష మీద పెట్టండి.

బోర్డు మీద బొమ్మలు వెయ్యండి, రాకపోతే పిల్లల చేత వేయించండి. కుక్క తోక కాళ్ళ మధ్యకి పెట్టుకుంటే భయం. తిండి ఏమీ లేకుండా పెదాలు నాక్కున్నా, నిద్ర రాకుండా ఆవలించినా, తల అటు తిప్పి కంటి తెల్ల కనపడేలా ఓరగా చూసినా "నాకు ఇబ్బందిగా ఉంది" అని. ఒళ్ళు ఒక్కసారి బిగబట్టి కదలకుండా నిలబడితే అది ఆఖరి హెచ్చరిక. తోక ఊపినంత మాత్రాన సంతోషం అనుకోకూడదు, పైకెత్తి బిగుసుగా ఊపితే అది వేరే. మేకైతే చెవులు వెనక్కి పెట్టడం, మెడ తిప్పేసుకోవడం, పక్కకి జరగడం, కాలితో నేల కొట్టడం. మేక కంటిపాప అడ్డంగా ఉంటుంది కదా, దానివల్ల ముందుకీ పక్కలకీ చాలా దూరం చూస్తుంది గానీ సరిగ్గా వెనక నుంచి వస్తే బెదురుతుంది, పక్కనుంచి వచ్చి భుజం దగ్గర ముట్టుకోవాలి, తల మీద చెయ్యి వెయ్యకూడదు. హాయిగా ఉన్నప్పుడు మేక నెమరేస్తుంది.

తర్వాత పిల్లల్ని ఇద్దరిద్దరుగా నిలబెట్టండి. ఒకరు గోడ దగ్గర, ఇంకొకరు పది అడుగుల దూరంలో. దూరంగా ఉన్నవాళ్ళు నెమ్మదిగా నడుచుకుంటూ రావాలి, గోడ దగ్గరున్నవాళ్ళు మాట్లాడకూడదు, ఇక చాలు అనిపించినప్పుడు మొహంతోనో ఒంటితోనో చెప్పాలి, వచ్చేవాళ్ళు అది కనిపెట్టి ఆగాలి. మొదట్లో నవ్వులు, కేకలు, ఎవడూ ఆగడు. మూడో సారికి గదంతా సద్దుమణుగుతుంది, ఎందుకంటే ఎదుటివాడి మొహాన్ని అంతసేపు చూడడం వాళ్ళలో చాలామందికి అదే మొదటిసారి. చేతికందినంత దూరంలో ఆగేవాళ్ళుంటారు, ఐదడుగుల అవతలే ఆపేవాళ్ళుంటారు, ఆ తేడా గురించి అక్కడే మాట్లాడండి. ఆడపిల్లల్ని ఆడపిల్లలతో, మగపిల్లల్ని మగపిల్లలతో జతకట్టండి, ఎవరు ఎవరిని ఏడిపిస్తారో మీకు తెలిసి ఉంటే ఆ ఇద్దర్నీ మాత్రం జత చెయ్యొద్దు.

చివర్లో మూడు రూల్స్ అందరి చేతా చెప్పించండి: ముందు మామ్మని అడుగుతాం, తర్వాత మేకని అడుగుతాం, అది వద్దంటే ఆగిపోతాం. మేకని అడగడం అంటే పిడికిలి మూసి పక్కనుంచి చూపించి అది వాసన చూసేదాకా ఆగడం. దగ్గరికి రాకపోతే సమాధానం వచ్చేసినట్టే.

4. ఆ రోజు

మేక క్లాసుకి ముందే వచ్చి చెట్టు కింద సర్దుకోవాలి, నీళ్ళు పక్కన ఉండాలి, వెళ్ళిపోడానికి దారి ఖాళీగా ఉండాలి. పిల్లలు అర్ధచంద్రంలా కింద కూర్చోవాలి, ఎవరూ నిలబడి మీదికి వంగకూడదు. భయపడే పిల్లలకి ముగ్గుపిండితో ఒక గీత గీసి "ఇక్కణ్ణించి చూడు, గీత దాటాలని ఎవరూ అనరు" అని చెప్పండి, ఆ గీత దగ్గర కూర్చున్నవాళ్ళని ఎవరైనా "పిరికి" అంటే అక్కడికక్కడే ఆపండి, ఇవాళ్టి మొదటి పాఠం అదే అవుతుంది.

మొదటి పని ముట్టుకోవడం కాదు, లెక్కపెట్టడం. మేక డొక్క పైకీ కిందకీ కదులుతుంటుంది, ఒక నిమిషం పాటు ఎన్ని ఊపిర్లు తీసిందో నిశ్శబ్దంగా లెక్కపెట్టమనండి. కుదురుగా ఉన్న పెద్ద మేకకి నిమిషానికి 15 నుంచి 30 దాకా ఉంటాయి, నడిచొచ్చి కొత్త చోట ఉంది కాబట్టి మొదట్లో ఎక్కువే వస్తుంది. బోర్డు మీద రాయండి. పది నిమిషాలు మామ్మ చెప్పేది వినమనండి, అది ఎప్పుడు పుట్టింది, ఏం తింటే ఇష్టం, ఎవరంటే పడదు, జ్వరమొస్తే ఎలా తెలుస్తుంది. మళ్ళీ లెక్కపెట్టించండి. సంఖ్య తగ్గితే "మీరు నెమ్మదిగా కూర్చున్నారు, అందుకే దాని భయం తగ్గింది" అని చెప్పండి. తగ్గకపోతే ఇంకా ఆగుదాం అనండి, ముట్టుకోవడం వాయిదా వేసినా నష్టం లేదు. కావాలని బెదిరించి ఊపిరి పెరిగిందా అని చూసే ప్రయోగం మాత్రం ఎవరూ చెయ్యకండి.

అప్పుడు నలుగురేసి, ఐదుగురేసి పిల్లలు దగ్గరికి రావాలి. మొత్తం ఇరవై నిమిషాలు దాటొద్దు. మేక పక్కకి జరిగిందనుకోండి, ముట్టుకోబోయిన పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుందనుకోండి, ఆ పిల్లని గట్టిగా మెచ్చుకోండి. ముట్టుకున్నవాళ్ళ కంటే ఆగినవాళ్ళని ఎక్కువ మెచ్చుకోవాలి, ఈ మొత్తం పద్ధతిలో నేను అన్నిటికన్నా గట్టిగా నమ్మేది ఇదే.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "గురుమా, దీన్ని పండక్కి కోసేస్తారేటి?" తప్పించుకోకండి, అబద్ధం చెప్పకండి. పాల మేకైతే పాల మేక అని చెప్పండి, పెరిగాక అమ్ముతాం అని మామ్మ అంటే అననివ్వండి. మన క్లాసులో మాంసం తినే ఇళ్ళున్నాయి, తినని ఇళ్ళున్నాయి, పూజల్లో కోళ్ళనీ మేకల్నీ బలిచ్చే కుటుంబాల పిల్లలున్నారు. "మీరు తింటారు కాబట్టి మీకు దయ లేదు" అనే మాట మన నోటి నుంచి వచ్చినా, ఏ పిల్ల నోటి నుంచి వచ్చినా, దయ పాఠం పెట్టుకుని మనమే ఒక పిల్లని అందరి ముందూ నిలబెట్టి అవమానించినట్టు. నేను చెప్పే జవాబు ఇది: ఏ ఇంట్లో ఏం తింటారో ఆ ఇంటి సంగతి, కానీ బతికున్నన్నాళ్ళూ దాన్ని కొట్టకూడదు, ఆకలితో కట్టెయ్యకూడదు, దాహంతో ఎండలో ఉంచకూడదు, ఇందులో అందరిదీ ఒకే మాట. పెద్ద క్లాసులైతే 1960 జంతు హింస నిరోధక చట్టంలో ఇవి నేరాలని, ప్రాణుల మీద కరుణ చూపడం రాజ్యాంగం 51ఎ(జి)లో పౌరుల విధిగా రాసి ఉందని కూడా చెప్పొచ్చు.

5. అదే రోజు కలపాలి, రేపటికి వదలకూడదు

చేతులు కడుక్కుని వచ్చి కూర్చోగానే అడగండి. మేక వద్దన్నదని మీకెలా తెలిసింది? చెవులు, మెడ, కాళ్ళు అని చెప్తారు. మరి మన క్లాసులో ఎవరికైనా ఇష్టం లేనప్పుడు ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది? ఇక్కడ పేర్లు చెప్పకూడదని ముందే గట్టిగా చెప్పాలి. నెమ్మదిగా వస్తాయి జవాబులు, కళ్ళు కిందకి పెట్టుకుంటారు, డబ్బా మూత మూసేస్తారు, నవ్వుతారు గానీ కళ్ళు నవ్వవు. ఇవన్నీ మేక బొమ్మ పక్కనే రాయండి.

తర్వాత చూసేవాళ్ళ గురించి మాట్లాడాలి. ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీలో క్రిస్టీనా సాల్మివల్లి వాళ్ళ బృందం తయారుచేసిన కివా అనే ప్రోగ్రాం మొత్తం దీని మీదే నడుస్తుంది, ఏడిపించేవాడికి బలం ఇచ్చేది చుట్టూ నిలబడి నవ్వేవాళ్ళు, వాళ్ళు నవ్వడం మానేస్తే సగం ఆట కట్టు. మన పిల్లలకి చెయ్యడానికి చిన్న పనులు ఇవ్వాలి, హీరోయిజం వద్దు. నవ్వకుండా పక్కకి వెళ్ళిపోవడం ఒకటి. బాధపడుతున్న పిల్ల పక్కకెళ్ళి "రా, నా దగ్గర కూకో" అనడం ఇంకోటి. ధైర్యం ఉంటే "ఒగ్గెయ్ రా, ఆడికి ఇష్టం లేదు" అనడం, ఒడియాలో "ఛాడి దే, తాకు భల లాగుని" అనడం. రెండు భాషల్లోనూ అందరి చేతా పలికించండి, తెలుగు పిల్లలు ఒడియా మాట, ఒడియా పిల్లలు తెలుగు మాట. టీచరుకి చెప్పడం చాడీ కాదని కూడా చెప్పండి, ఒకణ్ణి ఇరికించడానికి చెప్పేది చాడీ, ఒకణ్ణి కాపాడడానికి చెప్పేది సాయం.

చిన్న నాటకంలా వేయిస్తే మంచిదే, కానీ నిజంగా మాటలు పడే పిల్లకి నాటకంలో కూడా ఆ వేషం ఇవ్వకండి. "ఈ మేకపిల్ల మన ఫలానా అమ్మాయిలాంటిది" అనే పోలిక పొరపాటున కూడా రాకూడదు, మర్నాటి నుంచి ఆ పిల్లని మే మే అని పిలుస్తారు.

6. కోళ్ళ దొడ్డి దగ్గర ఒక పొద్దుట

ఇది నాలుగో తరగతి నుంచి పైవాళ్ళకి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం. పది పన్నెండు కోళ్ళున్న పెరడు చూసుకోండి, ఊళ్ళో కోళ్ళ జబ్బు తిరుగుతుంటే ఆ నెల మానెయ్యండి. పిల్లలు పది అడుగుల దూరంలో కూర్చుంటారు, ఎవరూ ఏ కోడినీ పట్టుకోరు. ఇంటావిడ ఒకే చోట గుప్పెడు నూకలు కుప్పగా పోస్తుంది. పిల్లలు చూసి రాసుకోవాలి: ఎర్రకోడి ఎవర్ని పొడిచింది, ఎవరు తిరగబడకుండా పారిపోయారు, ఎవరు చివరిదాకా అంచునే తిరిగారు. కాసేపట్లోనే వరస తెలిసిపోతుంది. దీన్ని మొదట కాగితం మీద పెట్టినవాడు కూడా నార్వే మనిషే, థోర్లెయిఫ్ షెల్డెరుప్ ఎబ్బే, కోళ్ళలో ఎవరు ఎవర్ని పొడవొచ్చు అనే వరస ఉంటుందని 1921లో ప్రచురించాడు.

తర్వాత అవే నూకల్ని నాలుగైదు చోట్ల దూరం దూరంగా చల్లమనండి. మళ్ళీ లెక్క. సాధారణంగా పొడుపులు బాగా తగ్గుతాయి, అంచున తిరిగిన కోడికీ నాలుగు గింజలు దొరుకుతాయి. కోళ్ళు పెంచేవాళ్ళందరికీ ఇది తెలుసు, ఇరుకు ఎక్కువైతే, మేత చోటు తక్కువైతే పొడుచుకోవడం పెరుగుతుంది, గాయమై రక్తం కనపడిన కోడిని వేరు చెయ్యకపోతే మిగతావన్నీ ఆ గాయాన్నే పొడుస్తాయి.

ఇప్పుడు అడగండి, కోళ్ళు మారాయా, మనం ఏం మార్చాం? పిల్లలు చెప్తారు, కోళ్ళు అవే, చోటు మారింది. అక్కణ్ణించి స్కూలుకి రండి. మన స్కూల్లో పొడుపులు ఎక్కడ ఎక్కువ? కుళాయి దగ్గర, భోజనం లైన్లో, వెనక బెంచీ మూల, ఇంటర్వెల్లో బాత్రూం దారిలో. మ్యాపు గీయించి ఎర్ర చుక్కలు పెట్టించండి, పిల్లలకి తెలిసినంత కచ్చితంగా మనకి తెలీదు. ఒక్కో చుక్కకి ఏం మార్చొచ్చో వాళ్ళనే చెప్పమనండి. రెండు లైన్లు పెట్టడం, క్రికెట్ బ్యాటు ఎవరి దగ్గర ఉండాలో వంతులు రాయడం, ఆ మూల దగ్గర ఇంటర్వెల్లో ఒక టీచరు నిలబడడం, ఇలాంటివి వస్తాయి, వాటిని అమలు చేసి చూపించాల్సిన బాధ్యత మాత్రం మనదే.

ఎవడో ఒకడు "బలమున్నదే తింటుంది కదా సార్, అది ప్రకృతి" అంటాడు. మంచి మాటే, కొట్టిపారెయ్యకండి. కోడి తన పెరటికి తను రూలు రాసుకోలేదు, మేత రెండు చోట్ల పొయ్యమని ఇంటావిణ్ణి అడగలేదు, మనం రెండూ చెయ్యగలం అని చెప్పండి.

7. చెయ్యి చేసుకునే పిల్లవాడు, బెత్తం పట్టుకునే మనం

ప్రతి క్లాసులో ఒకడుంటాడు, మేక చెవి మెలిపెట్టాలని చూసేవాడు, కుక్క మీద రాయి వేసేవాడు. వాణ్ణి "నువ్వు రావద్దు" అని గెంటేయకండి, అలాగని ఒంటరిగా దగ్గరికి పంపకండి. మామ్మ పక్కన కూర్చోబెట్టి బకెట్లో నీళ్ళు పొయ్యడం, ఆకులు అందించడం లాంటి పని ఇవ్వండి, ముట్టుకోవడం ఆఖర్న. చాలామందికి తమ చేతిలోంచి ఒక ప్రాణి నమ్మకంగా తినడం కొత్త అనుభవం. కానీ మళ్ళీ మళ్ళీ జంతువుని బాధపెట్టి ఆనందపడుతుంటే అది అల్లరి కాదు, ఇంట్లో ఆ పిల్లవాడి మీదే ఏదో జరుగుతుండొచ్చు. వాడితో విడిగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి, దెబ్బల గుర్తులు, ఒక్కసారిగా మారిపోవడం గమనించండి, ప్రమాదం అనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యండి, పిల్లల కోసమే ఉన్న ఉచిత నంబరు అది, రాత్రయినా పగలైనా పలుకుతుంది.

ఇంకో మాట, టీచర్లకి కోపం వచ్చినా చెప్పాలి. చేతిలో బెత్తం ఉంటే ఈ పాఠం చెప్పకండి. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మాటలతో హింసించడం రెండూ నిషేధం, చట్టం సంగతి పక్కన పెట్టినా, పొద్దున్న మేకని అడిగి ముట్టుకోమని చెప్పి మధ్యాహ్నం చెవి మెలిపెడితే పిల్లలకి అర్థమయ్యేది ఒకటే, బలమున్నవాడు అడగక్కర్లేదని. "ఒరే నల్లోడా", "మొద్దు" అని మనం ముద్దుగా పిలిచే పేర్లు కూడా ఆ రోజు నుంచి ఆగాలి.

8. జంతువు వెళ్ళిపోయాక

మేకని పొద్దున్నే స్కూలుకి తెస్తే పాపం మామ్మకి మేపుకునే సగం పూట పోయినట్టే, ఆవిడకి కూలి లెక్కన డబ్బివ్వండి, పిల్లల చేత పనసాకులో రావాకులో తెప్పించి మేకకి పెట్టించండి. ఏమేం పెట్టొచ్చో ఆవిణ్ణే అడగండి, గన్నేరులాంటి విషపు ఆకులు పిల్లలకి తెలీక తెస్తారు.

తర్వాత నెలలకి చిన్న చిన్న పనులు చాలు. గోడ మీద పిట్టలకి మట్టి మూకుడులో నీళ్ళు, రోజూ కడిగి నింపే వంతు ఇద్దరిద్దరికి, ఒక తెలుగు పిల్ల ఒక ఒడియా పిల్ల, లేదా ఒక సవర పిల్ల, వారం మారగానే జత మారుతుంది. కనుమ నాడు మన ఇళ్ళల్లో పశువుల్ని కడిగి బొట్లు పెడతాం, ఒడియా ఇళ్ళల్లో గహ్మా పున్నమికి అదే చేస్తారు, ఆ రెండు రోజుల్లో ఒకరింటికి ఒకరు వెళ్ళి చూసి వచ్చి క్లాసులో చెప్పాలి. యాస పట్టుకుని నవ్వుకునే పిల్లలు ఒకరి పెరట్లో ఒకరు నిలబడితే జరిగే మార్పు నేను చూశాను, చాలా బాగుంటుంది. వీధికుక్కలకి పిల్లల చేత తిండి పెట్టించకండి, దాని బదులు రాయి వెయ్యకుండా ఉండడం, కుక్క ఎదురొస్తే పరిగెత్తకుండా చేతులు దగ్గరపెట్టుకుని కదలకుండా నిలబడడం, తింటున్న కుక్క దగ్గరికీ పిల్లలున్న తల్లికుక్క దగ్గరికీ వెళ్ళకపోవడం నేర్పండి. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం, ఆ రోజు ఇదే ప్రాక్టీస్ చేయించొచ్చు.

9. పనిచేస్తోందో లేదో చూసుకోవడం

మొదలుపెట్టే ముందే ఒకసారి, తర్వాత నెలకోసారి పేరు లేని చీటీలు రాయించండి. నాలుగు ప్రశ్నలు: ఈ వారం నిన్ను ఎవరైనా ఏడిపించారా, ఎన్ని రోజులు, ఎక్కడ, అప్పుడు ఎవరైనా నీ పక్కన నిలబడ్డారా. రాయడం రాని పిల్లలు బొమ్మల మీద టిక్ పెడతారు. చీటీలు అందరూ ఒకేసారి రాయాలి, ఒకేసారి డబ్బాలో వెయ్యాలి, చేతిరాత పట్టి ఎవరిదో వెతికే పని మనం చెయ్యకూడదు. నాలుగో ప్రశ్నకి "అవును" అనే జవాబులు పెరుగుతున్నాయా అన్నదే నేను ముందు చూసే లెక్క. భోజనం దగ్గర ఎవరు ఒంటరిగా తింటున్నారో వారానికోసారి మీరే కళ్ళతో చూసి రాసుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి, మొదటి ఒకటి రెండు నెలలు ఏడిపించారని రాసే చీటీలు తగ్గవు, పెరగొచ్చు కూడా. అంతకుముందు నోరు మూసుకున్న పిల్లలు ఇప్పుడు రాస్తున్నారన్నమాట. ఈ సంగతి హెడ్‌మాస్టరుగారికీ కమిటీవాళ్ళకీ మేక రాకముందే చెప్పి పెట్టండి, లేకపోతే రెండో నెల లెక్క చూసి "మీ ప్రోగ్రాం వల్లే గొడవలు పెరిగాయి" అని ఆపించేస్తారు, సరిగ్గా పిల్లలు చెప్పడం మొదలుపెట్టిన టైంలో.